పాత కుటుంబ ఫొటో కార్డును చదవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు పాత ఇళ్ళల్లో అటక మీది ట్రంకు పెట్టె తీస్తే పంచాంగాల మధ్యనో, దస్తావేజుల కట్టలోనో అరచేతంత మందపాటి కార్డు ఒకటి బయటపడుతుంది. ముందు వైపు కుర్చీలో పెద్దాయన, పక్కన నిలబడ్డ ఇల్లాలు, కింద పిల్లలు ఉంటారు. వెనక పోస్టు కార్డు గీతలుంటాయి. ఇలాంటివి ఎక్కువగా 1905–1930 మధ్యవి. అవి దొరికినవాళ్ళు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. మొదలుపెట్టే ముందు ఒక్క మాట: "ఈయన మా ముత్తాతే" అని ముందే తేల్చుకుని చూస్తే కార్డులో ఉన్నదంతా ఆ మాటకు సాక్ష్యంగానే కనిపిస్తుంది. కనిపించింది ముందు కాగితం మీద రాయండి. పేరు ఆఖర్న పెట్టండి.

ఇది అసలు ఫొటోనా, అచ్చు వేసిన బొమ్మా?

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టి మొహం మీద నీడ ఉన్న చోట చూడండి. వరసగా చుక్కలు కనిపిస్తే అది ప్రెస్సులో అచ్చయిన బొమ్మ, వందల కాపీల్లో ఒకటి. చుక్కలు లేకుండా నలుపు నుంచి తెలుపుకు రంగు మెల్లగా మారుతుంటే అది ఫొటో కాగితం మీద కడిగిన అసలు ఫొటో. సన్నటి ముడతల్లాంటి గరుకు కనిపిస్తే కొలొటైపు (జెలటిన్ పూసిన పలకతో వేసే) అచ్చు కావచ్చు.

కార్డును పక్కకు వంచి వెలుతురులో చూస్తే అంచుల దగ్గర, నల్లటి భాగాల మీద నీలం కలిసిన వెండి మెరుపు కనబడుతుందా? అది బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొరలోని వెండి పైకి తేలడం వల్ల వచ్చేది. అసలు ఫొటో అనడానికి మంచి గుర్తు, అదే సమయంలో కార్డు చాలాకాలం తేమలో ఉందనడానికీ గుర్తే. దాన్ని గుడ్డతో తుడవకండి.

తర్వాత కొలత. పోస్టు కార్డు అయిదున్నర అంగుళాల పొడవు, మూడున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. గట్టి అట్టకు అతికించి, నాలుగుంబావు × ఆరున్నర అంగుళాలు ఉంటే అది క్యాబినెట్ కార్డు, అంతకు ముందు తరం పద్ధతి. అంచులు కత్తిరించి ఫ్రేములో ఇరికించిన పోస్టు కార్డులు మన ఇళ్ళల్లో చాలా ఉన్నాయి కాబట్టి కొలత తగ్గినంత మాత్రాన పోస్టు కార్డు కాదనుకోవద్దు.

ముందు ఏ వైపు చూడాలి?

వెనక వైపు. మొహాలు మనల్ని లాగేస్తాయి గానీ తారీఖు దొరికేది వెనకే.

మధ్యలో నిలువు గీత ఉందా చూడండి. ఎడమ సగం ఉత్తరానికి, కుడి సగం చిరునామాకు అని విడగొట్టిన కార్డులు బ్రిటన్‌లో 1902లో, అమెరికాలో 1907లో అనుమతించారు. గీత లేకుండా వెనకంతా చిరునామాకే వదిలి ఉంటే అంతకు ముందు కాలపు నమూనా అనుకోవచ్చు.

స్టాంపు అతికించే గళ్ళలో ఫొటో కాగితం కంపెనీ గుర్తు ఉంటుంది. అజో (AZO) అనే పేరు, చుట్టూ నాలుగు త్రికోణాలు అన్నీ పైకి చూస్తూ ఉంటే ఆ కాగితం 1904–1918 మధ్యది. రెండు పైకి, రెండు కిందికి ఉంటే 1918–1930. మూలల్లో చదరాలుంటే 1925 తర్వాతది. వెలాక్స్, కొడాక్, గెవర్ట్ లాంటి పేర్లూ కనిపిస్తాయి. అయితే ఇవి కాగితం తయారైన కాలాలు, ఫొటో తీసిన కాలం కాదు. మొఫసిల్ స్టూడియోలో పెట్టె కాగితం ఏళ్ళ తరబడి నిలవ ఉండేది. అందుకని ఆఖరి ఏడాదికి నాలుగైదేళ్ళు కలుపుకుని చదవాలి.

స్టాంపు ఉంది, ముద్రలో తారీఖు సరిగ్గా కనపడదు. ఏం చేయాలి?

రాజు మొహం చూడండి. కిరీటం లేని బట్టతల, గడ్డం అయితే ఏడవ ఎడ్వర్డు, 1902–1911. కిరీటం పెట్టుకున్న గడ్డం మొహం అయిదవ జార్జి, 1911–1936. పాత బిళ్ళలు కొన్నాళ్ళు చెల్లుబాటయ్యేవి కాబట్టి ఏడాది అటూ ఇటూ వదలాలి.

రేటు కూడా సాయపడుతుంది. దేశంలోపల పోస్టు కార్డు 1879లో మొదలైనప్పటి నుంచి 1922 దాకా పావు అణా. ఆ ఏడాది అర్ధణా అయింది. కానీ అర్ధణా బిళ్ళ చూసి వెంటనే 1922 తర్వాతది అనకండి. అంతకు ముందు అర్ధణా ఉత్తరం రేటు. కార్డు నియమాలకు ఒదగని కార్డుకు ఉత్తరం రేటు పడేది. రాజు ఎడ్వర్డా జార్జా అన్నదాంతో కలిపి చూస్తేనే రేటుకు అర్థం.

ముద్రలు సాధారణంగా రెండుంటాయి: వేసిన ఊరిది, అందిన ఊరిది. స్టాంపు మీద పడింది నల్లగా అలుక్కుపోయినా చిరునామా పక్కన ఖాళీలో పడిన రెండోది చదవడానికి వీలుగా ఉంటుంది. కార్డును కిటికీ దగ్గర నేలకు సమాంతరంగా పట్టి పక్క వెలుతురులో తిప్పండి, సిరా పోయినా నొక్కు కనిపిస్తుంది. మన ముద్రల్లో రోజు, నెల, సంవత్సరం ఆ వరసలో ఉంటాయి. అమెరికా మిషనరీ చేత్తో రాసిన తారీఖులో నెల ముందు రావచ్చు.

స్టాంపే లేకపోతే కంగారు వద్దు. ఈ కార్డుల్లో చాలావాటిని కవరులో పెట్టి పంపారు, లేదా చేతికే ఇచ్చారు.

"ఒంగోలు, నెల్లూరు జిల్లా" అని రాసి ఉంది. పొరపాటా?

కాదు, అదే మంచి ఆధారం. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. ఆ ఏడాది గుంటూరు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వెళ్ళింది. 1970లో గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, దర్శి, పొదిలి వైపు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు తీసి కొత్త జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు.

అంటే "ఒంగోలు, నెల్లూరు జిల్లా" అన్న చిరునామా 1904కు ముందుదో, పాత అలవాటు వదలని పెద్దవాళ్ళు ఆ తర్వాత కొన్నాళ్ళకు రాసిందో. "ఒంగోలు, గుంటూరు జిల్లా" అంటే 1904–1970. "కందుకూరు, నెల్లూరు జిల్లా" మాత్రం 1970 దాకా ఎప్పుడైనా కావచ్చు. 2022లో కందుకూరు మళ్ళీ నెల్లూరు జిల్లాలో కలిసింది కాబట్టి ఆ మాట ఒక్కటే చూసి కాలం చెప్పలేం. కుటుంబ కాగితాల కోసం వెతికేటప్పుడు కూడా ఇది గుర్తుండాలి: ఇవాళ్టి జిల్లా కేంద్రంలో కాక అప్పటి జిల్లా రికార్డుల్లో వెతకాలి.

వెనక తెలుగు ఉత్తరం ఉంది. పొడి అక్షరాలు, ఏదో సంవత్సరం పేరు. ఎలా విప్పాలి?

ఇక్కడ ఓపిక పట్టండి, ఎక్కువ సంగతులు దొరికేది ఇందులోనే.

పిలుపులు చూడండి. "మ॥రా॥రా॥శ్రీ" అంటే మహారాజరాజశ్రీ, గౌరవంగా రాసే మాట, అందులో చుట్టరికం ఉండదు. "బ్ర॥శ్రీ॥" అంటే బ్రహ్మశ్రీ, బ్రాహ్మణ గృహస్థుకు రాసేది. "చి॥" అంటే చిరంజీవి, రాసినవాళ్ళకన్నా చిన్న. "చి॥ల॥సౌ॥" ఉంటే ఆవిడ చిన్నది, భర్త బతికే ఉన్నాడు. "గం॥భా॥" అంటే గంగాభాగీరథీ సమానురాలు, భర్త పోయినావిడ. "కీ॥శే॥" కీర్తిశేషులు. ఒకే ఇల్లాలికి రెండు కార్డుల్లో మొదటిదాంట్లో "ల॥సౌ॥", రెండోదాంట్లో "గం॥భా॥" కనిపిస్తే ఆమె భర్త మరణం ఆ రెండు తారీఖుల మధ్య జరిగిందని తేలినట్టే. మరణ ధ్రువపత్రాలు దొరకని కాలానికి ఇంతకన్నా గట్టి ఆధారం అరుదుగా దొరుకుతుంది.

సంవత్సరం పేర్లు అరవై. మీ కార్డు కాలానికి పనికొచ్చే మైలురాళ్ళు: 1900 శార్వరి, 1907 ప్లవంగ, 1909 సౌమ్య, 1914 ఆనంద, 1920 రౌద్రి, 1927 ప్రభవ. మిగతావి పంచాంగంలో వరస చూసి లెక్కించుకోవచ్చు. అందరూ జారేది ఒక్క చోటే. సంవత్సరం ఉగాదికి మొదలై మరుసటి ఉగాది దాకా నడుస్తుంది. "సౌమ్య మాఘ శు॥ 5" అని ఉంటే అది 1909 కాదు, 1910 ఫిబ్రవరి. పుష్యం చివరి రోజులు, మాఘం, ఫాల్గుణం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు సంవత్సరానికి ఒకటి కలపాలి. అరవై ఏళ్ళకొకసారి పేరు తిరిగి వస్తుంది కాబట్టి స్టాంపుతోనో కాగితంతోనో సరిచూసుకోవాలి.

కరణాలు, మునసబులు రాసినవాటిలో ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) కనిపిస్తుంది. దానికి 590 కలపండి. ఫసలీ 1320 అంటే 1910 జులై 1 నుంచి 1911 జూన్ 30 దాకా.

అంకెలు తెలుగులో ఉంటే ౧, ౯ తారుమారు చేసుకోవడం మామూలే. అదే చేతిరాతలో మరో చోట అదే అంకె ఎలా ఉందో పోల్చి చూడండి. సంతకానికి ముందున్న "వ్రాలు" అన్న మాటను ఇంటిపేరులో కలిపి చదవకండి.

మధ్యలో ఉన్నావిడ తెల్లచీరలో ఉంది, బొట్టు కనిపించడం లేదు. వితంతువేనా?

అంత తొందరగా చెప్పకండి. అప్పటి స్టూడియో ప్లేట్లు (ఫొటో తీసే గాజు పలకలు) నీలాన్ని ఎక్కువగా, ఎరుపును దాదాపు లేనట్టే పట్టేవి. ఫలితంగా లేత నీలం చీర తెల్లగా, ఎర్రచీర నల్లగా పడుతుంది. పసుపు రంగు కూడా ముదురుగానే వస్తుంది. మొహానికి పసుపు రాసుకున్న ఆవిడ ఉన్న ఛాయకన్నా నల్లగా కనబడేది అందుకే. కుంకుమబొట్టు నల్లచుక్కగా పడాలి గానీ, నుదుటి మీద నీడ పడినా, నెగటివ్ మీద పెన్సిలుతో మొహం నునుపు చేసినా అది మాయమవుతుంది.

వితంతువు అనడానికి ఒక్క గుర్తు చాలదు. చేతికి గాజులున్నాయా, మెడలో నల్లపూసలో సూత్రమో ఉందా, కాళ్ళు కనిపిస్తే మెట్టెలున్నాయా అన్నీ చూడాలి. కొన్ని కులాల్లో అప్పట్లో తల తీయించి ముసుగు కప్పేవారు, అది స్పష్టమైన గుర్తు.

మన ప్రాంతంలో ఇంకో మాట ముఖ్యం. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840 నుంచి, ఒంగోలులో 1866 నుంచి పనిచేసింది. 1878లో ఒంగోలు చుట్టుపక్కల వేలమంది క్రైస్తవం తీసుకున్నారు. వాళ్ళ పిల్లలు, మనవలు ఈ ఫొటోల కాలంవాళ్ళు. బొట్టు లేకుండా, తెల్లచీర తల మీదుగా కప్పుకుని, చేతిలో పుస్తకంతో ఉన్నావిడ మిషన్ బడి పంతులమ్మో, ఇంటింటికీ వెళ్ళి బైబిలు చెప్పే బైబిల్ ఉమనో కావచ్చు. భర్త పక్కనే నిలబడి ఉండవచ్చు కూడా. ఆ పుస్తకం అట్టను భూతద్దంతో చూడండి.

ఇక ఫొటో మీదే ఎర్రచుక్క ఉంటే? పోయినవాళ్ళ పటానికి బొట్టు పెట్టే అలవాటు మనది. ఆ చుక్క బొమ్మలో భాగం కాదు, పైన ఎండిన కుంకుమ. దాన్ని చెరపొద్దు. ఆ మనిషి పోయాక కూడా పటం ఆ ఇంట్లో ఉందని అది చెబుతోంది.

ఫొటో అద్దంలో చూసినట్టు తిరగబడిందా, ఎలా తెలుసుకోవాలి?

జంధ్యం ఉంటే అదే తీర్పు: ఎడమ భుజం మీంచి కుడి నడుము వైపు రావాలి. అలా కాకపోతే నెగటివ్ తిప్పి కడిగారు. కోటు బొత్తాలు మగవాళ్ళకు వాళ్ళ కుడి చేతి వైపు ఉంటాయి. పైటను మాత్రం నమ్మొద్దు, కుడిపైట వేసే కుటుంబాలు ఉన్నాయి.

ఎవరు ఎవరు? పిల్లలా, కోడళ్ళా?

కుర్చీల్లో ఉన్నది ఇంటి పెద్దలు, వెనక నిలబడ్డది పెళ్ళయిన కొడుకులో తమ్ముళ్ళో, నేల మీద పిల్లలు. ఇది అలవాటే, శాసనం కాదు. స్టూడియోవాడు పొడుగు చూసి కూడా నిలబెట్టేవాడు.

ఎక్కువ పొరపాట్లు చిన్న ఆడపిల్లల దగ్గర జరుగుతాయి. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం అమల్లోకి వచ్చింది 1930 ఏప్రిల్‌లో. అంతకు ముందు ఫొటోలో పదేళ్ళ పిల్ల చీర కట్టి, నల్లపూసలు వేసుకుని, కాలికి మెట్టెలతో ఉంటే ఆమె ఆ ఇంటి కూతురు కాక కోడలు కావచ్చు. వంశవృక్షంలో కూతుళ్ళ సంఖ్యకూ ఫొటోలో ఆడపిల్లల సంఖ్యకూ పొంతన కుదరనప్పుడు ముందు ఇది గుర్తు చేసుకోండి.

పోలికలు చూసేటప్పుడు ముక్కు, గడ్డం కన్నా చెవి ఆకారం ఎక్కువ నమ్మదగ్గది. పెద్దయ్యాక కూడా పెద్దగా మారదు. అదే మనిషిదని ఖాయంగా తెలిసిన వేరే ఫొటోతోనే పోల్చండి, ఊహించిన పేరున్న ఫొటోతో కాదు.

పిల్లాడి మొహం అలికినట్టుంటే ఫొటో పాడైందని కాదు. పైకప్పు గాజులోంచి వచ్చే వెలుతురుతో తీసేవారు, లెన్సు సెకనో అంతకు మించో తెరిచి ఉండేది. కదిలినవాళ్ళు అలికిపోయారు. పెద్దవాళ్ళు నవ్వకుండా బిగుసుకుని ఉండటానికి కూడా అది ఒక కారణం. అంతమాత్రాన ఆ కుటుంబం కష్టాల్లో ఉందని రాయకండి.

నగలు, కోటు, గొలుసు గడియారం చూస్తే ఉన్నవాళ్ళలా ఉన్నారు. నిజమేనా?

స్టూడియోలో కోటు, గొలుసు, గొడుగు, చేతికర్ర, బల్ల మీద పూలకుండీ అరువుకు ఉండేవి. వెనక స్తంభాలు, మేడమెట్లు గుడ్డ మీద గీసిన తెర. కోటు భుజాల దగ్గర జారినా, చేతులు పొట్టిగా ఉన్నా అరువుదని అనుమానించాలి. అదే తెర, అదే కుర్చీ వేరే కుటుంబం ఫొటోలో కనిపిస్తే రెండూ ఒకే స్టూడియోవని తెలుస్తుంది. చుట్టాల ఇళ్ళల్లో పాత ఫొటోలు అడిగి తెర బొమ్మను పోల్చడం కాలం తేల్చడానికి మంచి దారి.

నగలు ఎక్కువగా సొంతవే. వాటిని పేరుపెట్టి రాసుకోండి: కాసులపేరు, కంటె, వంకీ, వడ్డాణం, పాపిటబిళ్ళ, అడ్డబాస. ఆ వంకీ ఇవాళ మీ పెద్దమ్మ దగ్గరే ఉండవచ్చు. పెళ్ళిలో ఎవరికి ఎవరు పెట్టారో ఆవిడకు గుర్తుంటే ఫొటోలోని ఆవిడ పేరు అక్కడే దొరుకుతుంది.

బట్టలను బట్టి కాలం చెప్పవచ్చా?

పదిహేనేళ్ళు అటూ ఇటూ మాత్రమే. ఖద్దరు, గాంధీ టోపీ మాత్రం గట్టి గుర్తు: 1920–21 తర్వాతవే. 1921 ఏప్రిల్‌లో గాంధీ నెల్లూరు దగ్గరి పల్లిపాడు ఆశ్రమాన్ని ప్రారంభించారు, అదే ఏడాది చీరాల–పేరాల ఉద్యమం నడిచింది. మన వైపు ఇళ్ళల్లోకి ఖద్దరు వచ్చింది ఆ రోజుల్లోనే. మగవాళ్ళ జుట్టు చూడండి: తాతకు పిలక, కొడుక్కి తలపాగా, మనవడికి క్రాపు ఉంటే మూడు తరాలను కాలంలో పేర్చుకోవచ్చు.

ఒక మనిషి తక్కినవాళ్ళ మధ్య అతికించినట్టు ఉన్నాడు.

బహుశా అతికించే ఉంటారు. దూరాన ఉన్నవాళ్ళనో పోయినవాళ్ళనో వేరే ఫొటోలోంచి కత్తిరించి పెట్టి మళ్ళీ తీసేవారు. అందరి ముక్కు నీడ ఎడమకు పడితే అతనిది కుడికి పడుతుంది. తల సైజు పొసగదు, పాదాల కింద నీడ ఉండదు. అప్పుడు ఆ ఫొటోకు రెండు తారీఖులు: అతనిది ఒకటి, మిగతావాళ్ళది మరొకటి.

ముద్ర రంగూన్‌ది. మావాళ్ళు అక్కడికి ఎందుకు వెళ్ళారు?

పనికీ, వ్యాపారానికీ. బర్మా 1937 ఏప్రిల్ దాకా ఇండియాలో భాగమే కాబట్టి రంగూన్ కార్డు మీద ఇండియా స్టాంపే ఉంటుంది. దక్షిణాఫ్రికాలోని నేటాల్ నుంచి వచ్చిన కార్డయితే వెతకడం ఇంకా సులువు: 1860–1911 మధ్య మద్రాసు రేవు నుంచి వెళ్ళిన కూలీల ఓడ జాబితాల్లో తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా రాశారు. 1904కు ముందు వెళ్ళిన ఒంగోలువాళ్ళ కోసం అక్కడ కూడా నెల్లూరు జిల్లా కింద చూడాలి.

స్కాన్ ఎలా చేయాలి?

గాజుపలక స్కానర్ మీద, రంగులో, రెండు వైపులా. అంగుళానికి 600 చుక్కలు కనీసం, అంటే కార్డుకు సుమారు 3300 × 2100. మొహాలు చిన్నవైతే 1200. ఫైలు టిఫ్‌గా దాచండి, పంచడానికి జేపెగ్ కాపీ వేరే చేయండి. ఆటోమేటిక్‌గా రంగు సరిచేసే ఆప్షన్లు ఆపేయండి, వెలిసిన పెన్సిలు రాతను అవే చెరిపేస్తాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే వివరం పోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

మొహాలను స్పష్టం చేసే యాప్‌లు, రంగులు వేసే యాప్‌లు లేని కళ్ళను, లేని పళ్ళను కల్పిస్తాయి. అలా వచ్చిన మొహంతో పోలికలు చూడటం దండగ. రంగుల కాపీ గోడకు పెట్టుకోండి, పరిశీలనకు మాత్రం అసలు స్కానే వాడండి.

ఫ్రేము గాజుకు అతుక్కుపోయింది. తీయవచ్చా? ల్యామినేషన్ చేయించమంటున్నారు.

రెండూ వద్దు. తేమకు జెలటిన్ మెత్తబడి గాజును పట్టుకుంటుంది. లాగితే మొహం గాజు మీదే మిగిలిపోతుంది. నీళ్ళలో నానబెట్టమని చెప్పినా వినకండి. గాజుతో సహా ఏటవాలు వెలుతురులో ఫొటో తీసి అలాగే ఉంచండి. ల్యామినేషన్ వేడికి, జిగురుకు పడ్డ కార్డును మళ్ళీ విడదీయలేరు. వెనక రాత మీద అదనంగా ఏ పరీక్షా చేయలేరు.

విడి కార్డును ఆమ్లం లేని కాగితపు కవరులో, లేకపోతే పాలిస్టర్ కవరులో పెట్టండి. పీవీసీ జేబుల ఆల్బం వద్దు, సెల్లో టేపు అసలు వద్దు. మన కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ మూడు నెలలే బూజుకు అదను. బయటి గోడకు ఆనించిన బీరువాలో, నేల మీది పెట్టెలో పెట్టకండి. తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడు మార్చండి. కలరా ఉండలు ఫొటో ఉన్న పెట్టెలో వేయకండి.

పేర్లు ఎక్కడ, ఎలా రాయాలి?

అసలు కార్డు మీద బాల్‌పెన్ను వాడకూడదు, నొక్కు ముందువైపు మొహాల మీదికి తేలుతుంది. మెత్తటి పెన్సిలుతో వెనక అంచున ఒక నంబరు వేసి, వివరాలు విడి కాగితం మీద రాయండి. ఎడమ నుంచి కుడికి, వరసలవారీగా ప్రతి మనిషికీ మూడు గళ్ళు పెట్టుకోండి: పేరు, ఎలా తెలిసింది, ఎంత నమ్మకం. "అమ్మమ్మ చెప్పింది" అనేది ఆధారమే, కానీ ఏ అమ్మమ్మ, ఏ ఏడాది చెప్పిందో కూడా రాయాలి. పెద్దవాళ్ళకు చూపించేటప్పుడు "ఈయన ఫలానా కదా" అనకుండా "ఈయన ఎవరమ్మా" అని అడగండి. ఒక్కో మొహాన్నే పెద్దదిగా చేసి, విడివిడిగా, ఇద్దరు పెద్దవాళ్ళను వేరు వేరుగా అడిగితే జవాబులు పోల్చుకోవచ్చు.

క్రైస్తవ కుటుంబమైతే సంఘంలోని బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు చూడండి. మిషనరీలు తీసిన ఫొటోల కాపీలు, ఉత్తరాలు అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. ఉద్యోగస్తుల కుటుంబమైతే మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. అక్కడ అడిగేటప్పుడు ఊరు, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా మూడూ రాసి ఇవ్వండి.